నొప్పి తగ్గింది.. ఆయాసం మొదలైంది!

ఊపిరి తీస్తే పక్కటెముకల దగ్గర సూది పొడిచినట్టు నొప్పి. పది రోజులకు అదే తగ్గిపోతుంది. హమ్మయ్య అనుకుంటాం. కానీ ఛాతీలో నీరు చేరినప్పుడు కూడా నొప్పి ఇలాగే తగ్గుతుంది. అందుకే తగ్గిన నొప్పిని నమ్మేసి ఊరుకోవద్దు.

తులసీదాస్ బలరాం పేరు ఈ తరం పిల్లలకు పెద్దగా తెలియదు. 1936లో సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టారు. హైదరాబాద్ కోచ్ రహీం ఆయన ప్రతిభను గుర్తించారు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత ఫుట్‌బాల్ జట్టులో ఆయన ఉన్నారు. 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టారు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఉన్నారు. ఆ మరుసటి ఏడాదే, ముప్ఫై ఏళ్లయినా నిండకముందే, ఆయన ఆట ఆగిపోయింది. కాలు విరిగి కాదు, మోకాలు దెబ్బతినీ కాదు. కారణం ప్లూరసీ, అంటే ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే వాపు.

అరవై ఏళ్ల కిందటి ఈ కథ ఇప్పుడెందుకంటే, పలాస, టెక్కలి వైపు ఆసుపత్రుల్లో ఇలాంటి కుర్రాళ్లు మాకు నేటికీ కనిపిస్తున్నారు.

పరుగు సగంలో ఆగితే..

ఉద్దానంలో తెల్లవారుజామున ఏ స్కూలు మైదానానికి వెళ్లినా, సముద్రపు ఒడ్డుకు వెళ్లినా పోలీసు, ఆర్మీ ఎంపికల కోసం పరుగెత్తే పిల్లలు కనిపిస్తారు. వాళ్లలో ఒకణ్ని తల్లి తీసుకొచ్చింది. మూడు వారాల కిందట కుడి పక్కన నొప్పి వచ్చిందట. కండరం పట్టేసిందనుకుని బామ్ రాశాడు. మందుల షాపులో నొప్పి మాత్రలు కొనుక్కుని వేసుకున్నాడు. నొప్పి తగ్గింది. కానీ 1,600 మీటర్ల పరుగులో సగం దూరానికే ఆగిపోతున్నాడు.

“నొప్పి తగ్గిపోనాది బాబూ, ఆయాసమే పోలేదు. సాయంత్రమైతే ఒళ్లు కాల్తాది” అంది తల్లి. వీపు మీద స్టెతస్కోప్ పెట్టి చూస్తే కుడివైపు కింద భాగంలో ఊపిరి చప్పుడే లేదు. ఎక్స్‌రేలో ఆ పక్క సగం తెల్లగా ఉంది. లీటరు దాకా నీరు తీశాం. ఆమె వెంటనే అడిగిన మాట, “వీడికీ కిడ్నీయేనా?” ఆ ఇంట్లో తండ్రి అప్పటికే డయాలిసిస్ మీద ఉన్నాడు.

నొప్పి ఎందుకు తగ్గుతుంది?

ఊపిరితిత్తి చుట్టూ రెండు పలుచని పొరలు ఉంటాయి. వాటి మధ్య కొద్దిపాటి ద్రవం ఉండి, ఊపిరి పీల్చి వదిలే ప్రతిసారీ అవి ఒకదానిపై ఒకటి జారేలా చూస్తుంది. ఇన్ఫెక్షన్ సోకి ఈ పొరలు వాస్తే రాపిడి మొదలవుతుంది. అందుకే గట్టిగా ఊపిరి తీసినా, దగ్గినా, తుమ్మినా పొడిచినట్టు నొప్పి వస్తుంది. తరవాత పొరల మధ్య నీరు ఊరి వాటిని దూరం చేస్తుంది. రాపిడి ఆగుతుంది, నొప్పీ తగ్గుతుంది. జబ్బు మాత్రం ముదురుతూనే ఉంటుంది. నీరు ఊపిరితిత్తిని నొక్కేయడంతో ఆయాసం వస్తుంది.

ఇక్కడ నొప్పి మాత్రలు రెండు రకాలుగా చేటు చేస్తాయి. ఒకటి, జబ్బును కప్పిపుచ్చుతాయి. రెండు, ఎండలో చెమటోడ్చి నీళ్లు సరిగా తాగని శరీరంలో కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఉద్దానంలో ఈ మాత్రలు డాక్టరు చెప్పకుండా వేసుకోనే కూడదు.

నీటిని పరీక్షించాల్సిందే

ఛాతీలో నీరు చేరడానికి న్యుమోనియా, గుండె, కాలేయ, కిడ్నీ జబ్బులు, క్యాన్సర్ ఇలా ఎన్నో కారణాలు ఉంటాయి. మన దేశంలో యువకుల్లో ఒకవైపే నీరు చేరితే ముందుగా అనుమానించాల్సింది టీబీనే. మత్తు సూది వేసి, పక్కటెముకల మధ్య నుంచి కొంచెం నీరు తీసి ప్రొటీన్, కణాలు, ఏడీఏ అనే ఎంజైమ్ స్థాయి చూస్తారు. అవసరమైతే సీబీనాట్ పరీక్ష, పొర ముక్క పరీక్ష కూడా చేస్తారు. ఈ రకం టీబీలో కఫం పరీక్ష చాలామందికి నెగెటివ్ వస్తుంది. కఫంలో ఏమీ లేదు కాబట్టి టీబీ కాదనుకోవడం పొరపాటు.

ఇంకో మోసం కూడా ఉంది. మందులు వాడకపోయినా ఈ నీరు కొన్ని నెలల్లో దానంతటదే ఇంకిపోవచ్చు. అలా వదిలేసిన వాళ్లలో సగానికి పైగా తరవాతి కొన్నేళ్లలో మళ్లీ టీబీ బారిన పడినట్టు మందులు లేని రోజుల అనుభవం చెబుతోంది.

కిడ్నీ రోగి ఉన్న ఇంట్లో..

ఆ కుర్రాడికి టీబీ అని తేలాక ఇంట్లో అందరినీ పిలిపించాం. తండ్రి కఫంలో టీబీ క్రిములు బయటపడ్డాయి. రెండు నెలలుగా ఆయనకు నీరసం, ఆకలి లేకపోవడం, చిన్నపాటి దగ్గు. అన్నీ కిడ్నీ జబ్బు వల్లేనని ఇంటిల్లిపాదీ సర్దుకుపోయారు.

కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో రోగనిరోధక శక్తి తగ్గుతుంది. అందుకే డయాలిసిస్ మీద ఉన్నవాళ్లకు టీబీ ముప్పు ఇతరులకంటే చాలా ఎక్కువ. పైగా వాళ్లలో జ్వరం, దగ్గు అంత గట్టిగా కనిపించవు. ఛాతీలో నీరు చేరినా డయాలిసిస్ చాలలేదనుకుంటారు. అలా చేరే నీరు సాధారణంగా రెండువైపులా ఉంటుంది, డయాలిసిస్‌తో తగ్గుతుంది. ఒకవైపే ఉన్నా, తగ్గకపోయినా పరీక్ష చేయించాలి. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రికి గానీ, మీ దగ్గరి డయాలిసిస్ కేంద్రానికి గానీ వెళ్లినప్పుడు బరువు తగ్గడం, సాయంత్రం జ్వరం, మెడ దగ్గర గడ్డలు వంటివి దాచకుండా చెప్పండి.

మూత్రం రంగు మారితే భయపడొద్దు

టీబీ మందుల్లో రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులో వస్తుంది. వేరే ఊళ్లో అయితే ఆశ్చర్యపోతారు, ఉద్దానంలో అయితే కిడ్నీ పోయిందని హడలిపోయి మందులు ఆపేస్తారు. అది మందు రంగు మాత్రమే. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా మాత్రం వెంటనే డాక్టరును కలవాలి.

చికిత్స సాధారణంగా ఆరు నెలలు. బలరాం ఆట ఆగిన 1963 నాటికి రిఫాంపిసిన్ ఇంకా వాడకంలోకి రాలేదు. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రుల్లో మందులు ఉచితం. పోషకాహారం కోసం నెలకు రూ.1,000 రోగి బ్యాంకు ఖాతాలో వేస్తారు. కిడ్నీ రోగులకు కొన్ని మందులు వారానికి మూడుసార్లే, డయాలిసిస్ అయ్యాకే ఇవ్వాలి. కాబట్టి ఒకరి మాత్రలు ఇంకొకరు వాడకూడదు. ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలుంటే వాళ్లకు నివారణ మందులు ఇప్పించాలి. వివరాలకు 1800-11-6666 టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేయవచ్చు.

మళ్లీ పరుగెత్తగలనా?

మందులు మొదలుపెట్టిన రోజే కుర్రాళ్లు అడిగే ప్రశ్న ఇది. వాళ్లకు ఒక అమెరికన్ ఆటగాడి గురించి చెబుతుంటాను. అక్కడి ఫుట్‌బాల్ జట్టులో బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి తన్నడానికి ప్రత్యేకంగా ఒక ఆటగాడు ఉంటాడు. శాన్ డియేగో జట్టులో ఆ పని చేసే రోల్ఫ్ బెనిర్‌ష్కీ 1979లో పెద్దపేగు పూతతో కుప్పకూలాడు. రెండు ఆపరేషన్లయ్యాయి, పొట్టకు సంచి అమర్చారు. 1980లో మళ్లీ మైదానంలోకి దిగాడు. 1982 జనవరిలో మయామీ మీద అదనపు సమయంలో గెలుపు కిక్ కొట్టింది అతనే. జబ్బు వేరు కావచ్చు. దాచకుండా, పూర్తిగా చికిత్స తీసుకున్నాకే తిరిగి రావడం మాత్రం అందరికీ ఒకటే.

జ్వరం, ఆయాసం తగ్గేదాకా పరుగు వద్దు. తరవాత నడకతో మొదలుపెట్టి, డాక్టరు సలహాతో మెల్లగా పెంచాలి. ఆ కుర్రాడి ఆరు నెలల కోర్సు పూర్తయింది. ఎక్స్‌రేలో పొర కాస్త మందంగా ఉందిగానీ, పరుగు మళ్లీ మొదలుపెట్టాడు. తండ్రికి దగ్గు తగ్గింది, మందులు నడుస్తున్నాయి.

బలరాం విషయానికొస్తే, ఆట ఆగిపోయినా ఆయన నిండు జీవితం గడిపారు. 2023 ఫిబ్రవరిలో, 86 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మీ పిల్లవాడు పక్కటెముకల నొప్పి అంటే ఎక్స్‌రే తీయించండి. నొప్పి తగ్గి ఆయాసం మిగిలిందంటే ఆ రోజే తీయించండి.