లెక్కలు రావనుకుంటే... రావు!

'మావాడు అన్నిట్లో ఫర్వాలేదుగానీ లెక్కల్లోనే వీకండీ!'

చుట్టాల ముందు ఎంత మామూలుగా అనేస్తామో ఈ మాట! పక్కనే ఉన్న పిల్లాడు మాత్రం మామూలుగా తీసుకోడు. ఆ తర్వాత లెక్క కాస్త తిరకాసుగా కనిపిస్తే చాలు, 'నావల్ల కాదు' అని పెన్ను పక్కన పెట్టేస్తాడు. సాధన తగ్గుతుంది, దాంతోపాటే మార్కులూ. 'చూశారా, చెప్పానుగా' అంటాం మనం.

పిల్లలు తమ గురించి తాము ఏమనుకుంటారన్నది మార్కుల్లో కనిపిస్తుందంటున్నారు మనస్తత్వ నిపుణులు. న్యూయార్క్‌లో ఏడో తరగతిలో చేరిన 373 మందిని క్యారల్ డ్వెక్ బృందం రెండేళ్లు గమనించింది. మొదట్లో లెక్కల్లో అందరూ ఇంచుమించు ఒకటే. తెలివి పుట్టుకతో వచ్చినంతే అనుకున్నవారి మార్కులు అక్కడే ఆగిపోతే, కష్టపడితే పెరుగుతుందనుకున్నవారివి క్రమంగా పెరిగాయి. 2007లో వెల్లడైన ఫలితాలివి.

అలాగని ఇదేమీ మంత్రం కాదు. అమెరికాలోనే సుమారు 12 వేల మంది తొమ్మిదో తరగతి పిల్లలతో మరో ప్రయోగం చేశారు. తెలివిని పెంచుకోవచ్చని గంటలోపు పాఠంతో చెప్పి చూస్తే, చదువులో వెనకబడినవారి గ్రేడు సగటు పెరిగింది 0.1 పాయింటే అని 2019లో తేలింది. ఉత్తి మాటలతో నమ్మకం కుదరదు. అది చేసిన పనిలోంచి రావాలి.

ఎలాగంటారా? ఆల్బర్ట్ బండూరా, డేల్ షంక్ 1981లోనే చూపించారు. తీసివేతలు రాని, లెక్కలంటే ఇష్టంలేని పిల్లలకు 42 పేజీల అభ్యాసాలిచ్చారు. కొందరికి 'ఏడు రోజుల్లో మొత్తం చెయ్యండి' అన్నారు. కొందరికి 'రోజుకు ఆరు పేజీలు చాలు' అన్నారు. పుస్తకం అదే, గడువూ అదే. కానీ రోజుకు ఆరు పేజీలవాళ్లే బాగా నేర్చుకున్నారు. ధైర్యం, ఇష్టం కూడా వారికే పెరిగాయి. ప్రతిరోజూ 'పూర్తిచేశాను' అనుకునే అవకాశం వాళ్లకే దక్కింది మరి!

పెద్దలకూ ఓ హెచ్చరిక ఉంది. లెక్కలంటే భయపడే తల్లిదండ్రులు తరచూ దగ్గర కూర్చుని హోంవర్క్ చేయిస్తే, ఒకటి, రెండు తరగతుల పిల్లలు ఏడాదిలో నేర్చుకున్నది తగ్గిందనీ భయం పెరిగిందనీ షికాగో పరిశోధకులు 2015లో గుర్తించారు. 'నాకూ చిన్నప్పుడు లెక్కలు వచ్చేవి కావు' అని ఓదార్చడం మానేద్దాం. పెద్ద లెక్కను చిన్న మెట్లుగా విడదీసి ఇద్దాం. తప్పు ఏ మెట్టు దగ్గర జరిగిందో పిల్లాణ్నే వెతకనిద్దాం.

ఈసారి చుట్టాలొస్తే 'మావాడు భిన్నాలు నేర్చుకుంటున్నాడండీ' అని చూడండి. పక్కనున్నవాడు ఆ మాటా వింటాడు!