రాజీనామా కాగితంపై సంతకమా? ఆగండి!

షార్జాలో మా సైటు మూతపడి నలభై మందిమి ఖాళీ అయ్యాం. యూఏఈలో 2023 జనవరి 1 నుంచి ఉద్యోగం పోతే బీమా ఉంది. మూలవేతనం 16,000 దిర్హాంలు మించకపోతే నెలకు 5 దిర్హాంలే కట్టాలి. వరసగా 12 నెలలు కట్టి ఉంటే, చివరి ఆరు నెలల సగటు బేసిక్‌లో 60 శాతం మూడు నెలలదాకా ఇస్తారు. ఓవర్‌టైం, అలవెన్సులు లెక్కలోకి రావు. మా మేస్త్రీల బేసిక్ వెయ్యి. అంటే నెలకు 600. కొత్త పని దొరికేదాకా ఊళ్లో అప్పుకి వడ్డీ అయినా కట్టుకోవచ్చు కదా!

కానీ మావాళ్లు ముగ్గురు ఆఫీసులో ఇచ్చిన అరబ్బీ కాగితంపై సంతకం పెట్టేశారు. "సెటిల్‌మెంటు కాగితం అనుకున్నామన్నా" అన్నారు. అది రాజీనామా. తనంతట తాను మానుకున్నవాడికి పైసా రాదు. మిగతావాళ్లం 30 రోజుల గడువులోనే దరఖాస్తు పెట్టాం. టికెట్ ఇచ్చారని విమానం ఎక్కినా అంతే, దేశం దాటితే ఆ సొమ్ము రాదు.