పట్టుచీరల ప్రయాణము

పెండ్లి ప్రయాణమనగానే మన యిండ్లలో ముందుగా సిద్ధమగునవి పిండివంటలు. కడపట పెట్టెలో పడునవి పట్టుచీరలు. రైలు వేళ సమీపించుచుండగా ఖాళీయున్న మూలలనెల్ల బట్టలతో కూరి, మూతమీద మోకాలుంచి తాళము వేయుట మనకు వాడుక. దీనివలన నెంత కీడు కలుగునో మేము అనుభవమున నేర్చుకొంటిమి. చెప్పుకొనుటకు సిగ్గగుచున్నను, ఒక్క సోదరికైనను మేలు కలుగునని వ్రాయుచున్నాము.

రెండేండ్ల క్రిందట మా ఆడపడుచుగారి కుమార్తె వివాహమునకై తెనాలినుండి విశాఖపట్టణమునకు రైలులో పోయితిమి. గౌరీపూజ వేళ అమ్మమ్మగారి పెండ్లిచీరయే కట్టుకొందునని ఆ పిల్ల కోరియుండెను. మా అత్తగారు కీర్తిశేషురాలు. ఆమె ధర్మవరపు చీర మా బీరువాలో నుండెను. దానిని మిక్కిలి భక్తితో దాచితిమి. అనగా ఏండ్ల తరబడి మడత విప్పక యుంచితిమి. ఆ మడతతోనే పెట్టె యడుగున బెట్టి, పైని సారె యిత్తడి పళ్లెములు పేర్చితిమి. విడిదిలో విప్పి చూతుము గదా, నడిమి మడత వెంబడి జరీ చిట్లి, జానెడు మేర పట్టు చీలియుండెను. ఆడపడుచుగారు ఒక్క మాటయు ననక, మొగము త్రిప్పుకొని కన్నులొత్తుకొనిరి. పెండ్లికూతురే మమ్ము జూచి, “అత్తయ్యా! చిరుగు కుచ్చెళ్లలోకి పోయేటట్టు కట్టండి, ఎవరికీ కనిపించదు” అన్నది. చిరుగు కుచ్చెళ్లలో దాగినది గాని, మా తప్పు మాకు దాగలేదు.

ఇట్లేల జరిగెను? పూర్వపు మేలిజరీ యనగా దారము చుట్టును సన్నని వెండిరేకు చుట్టి, బంగారుపూత పూసినది. నేడు రాగి జరీయు, ప్లాస్టికు జాతి జరీయు పెక్కు చీరలలో గలవు. తీగను ఒకేచోట మాటిమాటికి వంచినచో తెగునట్లే, ఒకే మడతపై నలిగిన లోహపు జరీయు తెగును. పట్టు సహజముగా దృఢమైనదే యైనను, ముదిరినకొలది పెళుసగును. అట్టి పాత మడతపై బరువు పడెనేని చీలక యేమగును?

కావున చీరలను ప్రయాణమునకు ముందునాడే విప్పి, నీడపట్టున గంటసేపు ఆరవేయవలయును. ఎండ తగులరాదు, రంగు వెలయును. ఇస్త్రీ చేసిన బట్టను వేడి చల్లారకమున్నే మడవరాదు. వేడియు తేమయు నున్నంతవరకు పోగులు మెత్తగా నుండి, ఎట్లు వంచిన నట్లే బిగిసికొనును.

పిమ్మట పాత గీతపై గాక క్రొత్తచోట మడవవలయును. నిన్నటివరకు రెండుగా మడచినదానిని నేడు మూడుగా మడవుడు. ప్రతి మడతలోను ఉతికిన పాత పంచెగుడ్డను చుట్టగా జుట్టి యుంచినచో, మడత కత్తివాదరవలె పదునుగాక గుండ్రముగా నుండును. ఇంతకన్న మేలైనది చుట్టుట. బట్టల దుకాణములో దొరకు అట్టగొట్టమునకు తెల్లని నూలుగుడ్డ చుట్టి, దానిపై చీరను వదులుగా చుట్టవలయును. చీర పన్న రమారమి 45 అంగుళములు; నడుమ గుడ్డ నుంచి ఒక్క మడత మడచిన 22½ అంగుళములగును. పెద్ద పెట్టెలో నిది సులభముగా పట్టును.

పెట్టె సర్దుటలో బరువైనవి అడుగున, పట్టువి పైన ఉండవలయును. చక్రముల సూట్‌కేసును నిలువబెట్టి లాగుదుము గనుక, బరువులు చక్రములవైపున నుండుట యుక్తము. మిక్కిలి క్రిక్కిరిసినను ముడుతలు పడును. మిక్కిలి వదులైనను బట్టలు జారి నలుగును. సందులలో తువ్వాళ్లు చుట్టి నింపవలయును. కలరా ఉండలు చీరకు తగులరాదు, జరీ మాయును. అత్తరు, నూనె వంటలు వేరొక సంచిలో నుండవలయును. వానకాలమున పైకి ప్లాస్టికు సంచి వాడినను, దిగగానే తీసివేయవలయును. లోని చెమ్మ బయటికి పోక జరీని నల్లబరచును.

మావారి కోటు సంగతియు చెప్పెదము. ఒక భుజమును లోపలివైపు వెలుపలికి వచ్చునట్లు త్రిప్పి, రెండవ భుజమును దానిలో దూర్చి, నడుమ తువ్వాలు చుట్ట నుంచి ఒక్కసారి మడచిన చాలును. ఉన్ని తనంతట తాను సాగి ముడుతలు పోగొట్టుకొనును. పంచెలకు మాత్రము ప్రయాణమునాడు గంజి పలుచగా పెట్టవలయును. చిక్కని గంజి మడతలు గట్టిబడును.

విడిది చేరగనే కాఫీకన్న ముందు పెట్టె తెరువుడు. చీరలను త్రాటిపై వేయరాదు. త్రాటి గీత పడును. వెడల్పైన కమ్మిపై తువ్వాలు పరచి, దానిపై వ్రేలాడదీయవలయును. గంటకు చాల ముడుతలు పోవును. మిగిలినవానికి వెనుకవైపున పలుచని గుడ్డ వేసి, తక్కువ వేడితో ఇస్త్రీ చేయవలయును. నీళ్లు చిలుకరింపరాదు, పట్టుపై మరకలు పడును. గద్వాల చీరకు ఒడలు నూలు, అంచులు పట్టు గనుక, నూలుకు తగిన వేడి అంచులకు తగులనీయరాదు.

అత్తగారి చీరకు రఫూ చేయించితిమి. ఇప్పుడది మడతలేక గొట్టముపై నున్నది. నాలుగు నెలలకొకసారి విప్పి, ఆరవేసి, మరల చుట్టుచున్నాము. ఆ పిల్లకు కూతురు పుట్టి, పెరిగి, తానును అడుగునేమో! అప్పటికి చీర నిలువవలయుననియే మా కోరిక.

సోదరీమణులారా! ఈమారు ప్రయాణమున పిండివంటలను కొంతసేపు ఆగనిండు. ముందు చీరలు సర్దుడు. అరిసె విరిగిన మరల వండుకొందుము. పెద్దల చేతి చీర చిరిగిన మరల నేయువారెవరు?