నడిగడ్డ గొంతుకు సొంత చిరునామా

కృష్ణా తుంగభద్రల మధ్య నేలను నడిగడ్డ అంటారు. హైదరాబాద్–కర్నూలు రైలు దారిలో వచ్చే మానవపాడు ఆ గడ్డ మీదిదే. 2009 అక్టోబరు వరదలో తుంగభద్ర ఊళ్ల మీద పడిన సంగతైనా, ఆర్డీఎస్ (రాజోలిబండ మళ్లింపు పథకం) కాలువ చివరి పొలాలకు నీళ్లందని సంగతైనా ఇక్కడి పెద్దవాళ్ల నోటే వినాలి. రాస్తే సగం పోతుంది. రికార్డు చేయడానికి సెల్‌ఫోన్ చాలు. ఆ రికార్డును ఎక్కడ పెట్టాలి, ఎవరి చేతుల్లో పెట్టాలి అన్నదే చిక్కు.

తెలంగాణలో దీనికి ఒక మంచి జవాబు ఇదివరకే ఉంది. జహీరాబాద్ దగ్గరి మాచునూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలే రికార్డు చేసి, ఎడిట్ చేసి, ప్రసారం చేశారు. కాకపోతే రేడియోకు లైసెన్సు కావాలి, టవరు కావాలి. దాని మాట చుట్టుపక్కల ఊళ్లు దాటి పోదు. మానవపాడు నుంచి ముంబైకి పనికి పోయిన మనిషికి వినిపించాలంటే పాడ్‌కాస్టే దారి.

పాడ్‌కాస్ట్‌లో మాయేమీ లేదు. ఒక ఆడియో ఫైలు, దాంతోపాటు ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ అనే ఒక పట్టిక. ఏ భాగం ఎప్పుడు వచ్చింది, దాని ఆడియో ఎక్కడుంది అన్నది అందులో ఉంటుంది. వినేవాళ్ల యాప్ అప్పుడప్పుడూ ఆ పట్టిక చూసి కొత్తది తెచ్చుకుంటుంది. 2024లో గూగుల్ పాడ్‌కాస్ట్స్ యాప్‌ను మూసేశారు. అయినా కార్యక్రమాలు పోలేదు. శ్రోతలు వేరే యాప్‌లో అదే ఫీడ్ చేర్చుకున్నారు. ఆ ఫీడ్ చిరునామాయే ఒక ఉచిత హోస్టింగ్ కంపెనీదై, ఆ కంపెనీ దుకాణం కట్టేస్తే మాత్రం శ్రోతలను మళ్లీ ఒక్కొక్కరినీ వెతుక్కోవాలి.

సొంతంగా నడుపుకోవాలనుకునేవాళ్ల కోసం కాస్టోపాడ్ ఉంది. ఫ్రాన్స్‌లో పుట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్. అయితే దానికి పీహెచ్‌పీ కావాలి, డేటాబేస్ కావాలి, వాటికి సరైన వెర్షన్లు కావాలి. ఒకటి మార్చితే ఇంకోటి మొరాయిస్తుంది. ఈ తలనొప్పిని తీర్చడానికి వచ్చిందే కంటైనర్. 2013లో డాకర్ వచ్చాక ఇది అందరి చేతికీ అందింది.

పాలమూరు లేబరు వలస పోయేటప్పుడు చూడండి. పొయ్యి, గిన్నెలు, బియ్యం, పరుపు అన్నీ మూటగట్టుకునే పోతారు. ఎక్కడ గుడిసె వేస్తే అక్కడ సంసారం నడుస్తుంది. నేలా నీళ్లూ మాత్రం అక్కడివి. కంటైనర్ కూడా అంతే. ప్రోగ్రాం తనకు కావలసిన సామానంతా వెంట తెచ్చుకుంటుంది. కింద ఉన్న లినక్స్ కెర్నెల్‌ను మాత్రం ఆ కంప్యూటర్ నుంచే వాడుకుంటుంది. అందుకే పూర్తి వర్చువల్ మెషీన్ కంటే చాలా తేలిక.

పని మొత్తం కంపోజ్ అనే చిన్న ఫైలులో ఉంటుంది. కాస్టోపాడ్‌కు ఒక కంటైనర్, మరియాడీబీ డేటాబేస్‌కు ఇంకొకటి, రెండింటికీ పేరు పెట్టిన వాల్యూములు. వాల్యూమ్ అంటే కంటైనర్ బయట డేటా నిలవుండే చోటు. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. కంటైనర్‌ను తీసిపారేసినా నిమిషాల్లో మళ్లీ వస్తుంది. వాల్యూములో ఉన్న అవ్వ గొంతు పోతే మళ్లీ రాదు. ‘డాకర్ కంపోజ్ డౌన్’ అని కొడితే కంటైనర్లు పోతాయి, వాల్యూములు ఉంటాయి. దాని చివర ‘మైనస్ వి’ చేర్చారా, పేరు పెట్టిన వాల్యూములు కూడా తుడిచిపెట్టుకుపోతాయి. ‘ఖాయమేనా?’ అని అడిగేవాడు కూడా ఉండడు. ఇంటర్నెట్‌లో కనబడిన ఆదేశాలను కళ్లు మూసుకుని కాపీ కొట్టేవాళ్లకు ఇదొక్క అక్షరం గుర్తుంటే చాలు.

ఇంట్లో పాత కంప్యూటర్ ఉంది కదా, దాన్నే సర్వర్ చేద్దామా? నేర్చుకోవడానికి భేషుగ్గా ఉంటుంది. జనానికి వినిపించడానికి మాత్రం వద్దంటాను. కరెంటు సంగతి అటుంచండి, చాలా ఇంటర్నెట్ కనెక్షన్లలో బయటివాళ్లు నేరుగా చేరుకునే ఐపీ చిరునామాయే మనకివ్వరు. చిన్న సర్వర్ అద్దెకు తీసుకోవడమే నయం. మాట ఒక్కటే కాబట్టి 64 కేబీపీఎస్ మోనోలో పెడితే అరగంట భాగం 14 ఎంబీలకు కాస్త పైన ఉంటుంది. వంద మంది విన్నా ఒకటిన్నర జీబీ దాటదు.

మొదలుపెట్టేవాళ్లు సర్వర్ కంటే ముందు ఒక డొమైన్ పేరు కొనండి. సర్వర్ రేపు మార్చుకోవచ్చు, పేరు మీ చేతిలో ఉంటే ఫీడ్ చిరునామా మారదు. ఆ పేరు రెన్యూవల్ తేదీ ఇద్దరికి తెలిసి ఉండాలి. వాల్యూములో ఉన్న ఆడియోను, డేటాబేస్ డంప్‌ను వారానికోసారి వేరే హార్డ్ డిస్కులోకి తీయండి. ఆ డిస్కు సర్వర్ ఉన్న చోట ఉండకూడదు, వేరే ఊళ్లో ఉండాలి.