మ్యూచువల్ ఫండ్ల సంఖ్యానిర్ణయం: గోదావరి డెల్టా దృష్టాంతంతో ఒక పరిశీలన

కీలకపదాలు: మదుపు, మ్యూచువల్ ఫండ్, వైవిధ్యం, సహసంబంధం, నష్టకారణం, గోదావరి డెల్టా.

ఉపోద్ఘాతం:

రాజమహేంద్రవరంలోని ఒక అధ్యాపక కుటుంబం తన పొదుపును కాగితంపై రాసుకుంటే సాధారణంగా కనిపించేవి ఇంటిస్థలం, బంగారం, ఎల్‌ఐసీ పాలసీ, బ్యాంకు డిపాజిట్లు, ఒకటి రెండు చీటీలు. ఈ జాబితాలోకి కొత్తగా వచ్చి చేరినవి మ్యూచువల్ ఫండ్లు. తక్కినవి ఒకటో రెండో ఉండగా ఇవి మాత్రం చూస్తుండగానే ఎనిమిదై, పన్నెండై కూర్చుంటాయి. అసలు ఎన్ని ఉండాలన్న ప్రశ్న అప్పుడు పుడుతుంది. దీనికి నాలుగనో ఆరనో ఒక అంకె చెప్పి ఊరుకోవడం వాడుక. ఆ అంకెకు ముందు లెక్కించవలసినది మరొకటి ఉన్నది. ఆ సొమ్ముకు ఎన్ని వేర్వేరు కారణాల వల్ల నష్టం రాగలదన్నదే ఆ లెక్క.

2004 సెప్టెంబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగంలో చేరినవారికి పాత పింఛను లేదు. ప్రభుత్వ సహాయం లేని ప్రైవేటు కళాశాలల అధ్యాపకులకు అది ఎన్నడూ లేదు. వృద్ధాప్యపు తిండి ఈ నిర్ణయం మీద కొంతైనా ఆధారపడి ఉన్నందున దీనిని కేవలం వాణిజ్యశాస్త్ర విషయంగా విడిచిపెట్టడానికి వీలులేదు.

డెల్టా భూమి చెప్పే లెక్క:

ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు నీరందించింది. ఆ స్థానంలో తర్వాత వచ్చిన బ్యారేజీ కింద నేడు సుమారు 10 లక్షల ఎకరాలు సాగవుతున్నాయి. ఒక రైతుకు ఒకే కాలువ కింద నాలుగు ఊళ్లలో నాలుగు చెక్కలున్నాయనుకుందాం. పాసుపుస్తకంలో నాలుగు సర్వే నంబర్లు, నాలుగు పేర్లు కనిపిస్తాయి. దాళ్వాలో నీళ్లు చాలక వంతులు పెడితే నాలుగు చెక్కలూ ఒకేసారి నెరలిస్తాయి. మూడు డెల్టాల్లోనూ పొలం ఉన్నవాడి స్థితి కొంత మెరుగే గాని, మూడింటికీ తల ఒక్కటే. 1986 ఆగస్టు వరదలో గట్లు తెగినప్పుడు నీరు సర్వే నంబర్లు చూసి రాలేదు.

దీనికి భిన్నంగా మరొక రైతుకు డెల్టాలో ఒక చెక్క, గోకవరం వైపు మెట్టలో ఒక చెక్క ఉన్నాయి. మొదటిదానిలో వరి, రెండవదానిలో జీడిమామిడో కర్రపెండలమో. వరద ముంచేది మొదటిదానిని, వాన తప్పితే ఎండేది రెండవది. చెక్కలు రెండే అయినా నష్టకారణాలు రెండు. మొదటి రైతుకు చెక్కలు నాలుగు, కారణం ఒకటి. గోదావరి జిల్లాల పెద్ద కుటుంబాలు మెట్టలోనూ పల్లంలోనూ భూమి ఉంచుకోవడంలో ఈ వివేకం ఉన్నది. దానికి వారు పేరు పెట్టలేదు, అంతే.

దీనికి గణితరూపం ఇచ్చినవాడు హ్యారీ మార్కోవిట్జ్. 1952లో ప్రచురించిన వ్యాసంలో ఆయన ఒక ఆస్తి విడిగా ఎంత ఊగుతుందన్నదాని కంటె, అది తక్కిన ఆస్తులతో కలిసి ఊగుతుందా విడిగా ఊగుతుందా అన్నదే ముఖ్యమని చూపాడు. గణాంకశాస్త్రం దీనిని సహసంబంధం అంటుంది. ఉదాహరణకు ఒక్కొక్క ఫండు ఒడుదొడుకు, అనగా ప్రామాణిక విచలనం, 20 శాతమని, ఏ రెండు ఫండ్ల మధ్యనైనా సహసంబంధం 0.9 అని అనుకుందాం. సొమ్మును సమానంగా పంచితే రెండు ఫండ్లతో ఒడుదొడుకు 19.5 శాతానికి, నాలుగింటితో 19.2కు, పదింటితో 19.1కి తగ్గుతుంది. ఇంకెన్ని చేర్చినా 19 దగ్గర ఆగిపోతుంది. అదే సహసంబంధం 0.2 అయితే రెండింటితోనే 15.5కు, నాలుగింటితో 12.6కు దిగుతుంది. అంటే ఒకే రకపు పది ఫండ్లు చేయలేని పనిని వేరు రకపు రెండు ఫండ్లు చేస్తాయి.

సంఖ్య పెరిగే తీరు:

ఇన్ని ఫండ్లు కావాలని కూర్చుని నిర్ణయించుకున్నవారు అరుదు. అవి పోగుపడతాయి. పాత పన్నువిధానంలో 80సీ మినహాయింపు కోసం ప్రతి మార్చిలోనూ ఆ ఏడాది పేరు వినబడిన ఈఎల్‌ఎస్‌ఎస్ పథకం ఒకటి కొంటారు. దానికి మూడేళ్ల గడువు ఉన్నందున పాతది తీయలేరు, మరుసటి మార్చికి కొత్తది వస్తుంది. కొత్త పథకాల యూనిట్ 10 రూపాయలకే వస్తున్నదన్న ఆకర్షణ మరొకటి. యూనిట్ ధర 10 అయినా 500 అయినా లోపలి షేర్లు పది శాతం పెరిగితే సొమ్మూ పది శాతమే పెరుగుతుందన్న సంగతి ఆ ఉత్సాహంలో మరుగున పడుతుంది. బ్యాంకులో తెలిసిన ఉద్యోగి మాట కాదనలేక కొన్నవి కూడా ఉంటాయి. మొహమాటం కూడా ఒక మదుపు పద్ధతే.

2017 అక్టోబరులో సెబీ పథకాలను వర్గీకరించి, ఒక సంస్థ ఒక వర్గంలో సాధారణంగా ఒకే పథకం నడపాలన్నది. మార్కెట్ విలువలో మొదటి 100 కంపెనీలు లార్జ్‌క్యాప్, 101 నుంచి 250 వరకు మిడ్‌క్యాప్, ఆపైవి స్మాల్‌క్యాప్. లార్జ్‌క్యాప్ ఫండు తన సొమ్ములో కనీసం 80 శాతాన్ని ఆ మొదటి నూటిలోనే పెట్టాలి. కనుక మూడు సంస్థల మూడు లార్జ్‌క్యాప్ ఫండ్లు కొన్నవారు ఒకే చెరువులో మూడు వలలు వేసినట్లే. రెండు నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్లు ఉంటే ఆ తేడా కూడా లేదు.

ఎంత కలుస్తున్నదో కొలవడం కష్టం కాదు. సంస్థలు తమ పథకాల షేర్ల జాబితాలను ప్రతి నెలా వెల్లడిస్తాయి. ఒక కంపెనీ మొదటి ఫండులో 8 శాతం, రెండవదానిలో 6 శాతం ఉంటే వాటి ఉమ్మడిభాగం 6. ఇలా కంపెనీకొక చిన్న అంకె తీసుకుని కూడితే మొత్తం ఉమ్మడి వస్తుంది. అది సగం దాటిన చోట రెండవ ఫండు ఎందుకున్నదో చెప్పవలసిన బాధ్యత మదుపరిదే.

ఆరు పేర్లు, ఒకే తలుపు:

2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ సంస్థ భారతదేశంలో ఆరు రుణఫండ్లను ఒకేసారి మూసివేతకు నిర్ణయించింది. వాటిలోని సొమ్ము 25 వేల కోట్ల రూపాయలకు పైమాటే. అల్ట్రా షార్ట్ బాండ్, లో డ్యురేషన్, క్రెడిట్ రిస్క్ అంటూ పేర్లు వేరు, గడువులు వేరు. ఆరింటిలోనూ తక్కువ రేటింగు గల కంపెనీల బాండ్లు ఎక్కువ, చాలామంది రుణగ్రహీతలు ఉమ్మడి. కోవిడ్ వేళ ఆ బాండ్లకు కొనుగోలుదారులు కరవైనప్పుడు అన్ని తలుపులూ కలిసి మూతపడ్డాయి. న్యాయస్థానాల విచారణల అనంతరం 2021 ఫిబ్రవరి నుంచి సొమ్ము విడతలుగా తిరిగి వచ్చింది గనుక దీనిని నాశనం అనలేము. ఆ పది నెలల్లో ఆసుపత్రికో పెళ్లికో డబ్బు కావలసినవారికి మాత్రం మూడు ఫండ్లున్నా ఆరున్నా ఒకటే అయింది.

సంఖ్య పనిచేసే చోటు:

బ్యాంకు డిపాజిట్ల విషయంలో లెక్క వేరు. 2020 ఫిబ్రవరి నుంచి డిపాజిట్ బీమా ఒక్కొక్కరికి ఒక్కొక్క బ్యాంకుకు అసలు, వడ్డీ కలిపి 5 లక్షలు. దానవాయిపేట శాఖలో ఒక రసీదు, కోటిపల్లి బస్టాండు వద్ద శాఖలో మరొక రసీదు ఉన్నా బ్యాంకు ఒకటే అయితే రెండూ కలిపే లెక్కిస్తారు. ఇక్కడ బ్యాంకుల సంఖ్య పెంచితే రక్షణ నిజంగానే పెరుగుతుంది. ఈ అలవాటునే ఫండ్లకు వర్తింపజేయడం వల్ల కొంత గందరగోళం పుట్టి ఉండవచ్చు. ఫండు సొమ్ము ఫండు సంస్థ అప్పు కాదు. అది ట్రస్టు ఆస్తి, కస్టోడియన్ అధీనంలో ఉంటుంది. దానికి ప్రధానమైన భయం లోపలి షేర్లు, బాండ్ల విలువ పడిపోవడమే.

అధ్యాపకుని జాబితా:

సీపీఎస్ ఖాతా ఉన్న అధ్యాపకునికి తెలియకుండానే మూడు ఫండ్లుంటాయి. సాధారణ పద్ధతిలో ఆ చందాను ఎస్‌బీఐ, ఎల్‌ఐసీ, యూటీఐ పింఛను సంస్థలకు పంచుతారు. మూడింటికీ మదుపు నిబంధనలు ఒకటే, సింహభాగం ప్రభుత్వ, కంపెనీ బాండ్లు. దీనిని ఒక రుణఫండుగానే లెక్కించాలి. ఇంటిస్థలం, బంగారం ఇప్పటికే వేరు కారణాలకు లోబడినవి. ఇక లేనిది షేర్ల వాటా. అందుకు విస్తృతమైన ఇండెక్స్ ఫండొకటి, మధ్యతరహా కంపెనీలు కావాలనుకుంటే మరొకటి, అత్యవసరానికి మంచి రేటింగు గల స్వల్పకాల రుణఫండొకటి చాలు. నాలుగవదానిని చేర్చదలచినవారు ఏ కొత్త నష్టకారణానికి అది విరుగుడో ఒక వాక్యంలో రాయగలిగితే చేర్చవచ్చు. ఒకే పథకం మీద భరోసా లేక రెండు సంస్థల్లో ఉంచుకుంటామనేవారి వాదన కొట్టివేయదగినది కాదు. నిర్వాహకుడు మారి పథకం దెబ్బతినడమూ ఒక కారణమే. అది రెండవ ఫండును సమర్థిస్తుంది, తొమ్మిదవదానిని కాదు.

పాతవాటిని ఒక్కరోజులో అమ్మివేయడం కూడా తగదు. నిష్క్రమణ రుసుము, మూలధన లాభాల పన్ను, ఈఎల్‌ఎస్‌ఎస్ గడువు చూసుకుని ఏడాదికి కొన్ని చొప్పున తీయాలి. అప్పటిదాకా ప్రతి ఫోలియోలో నామినీ పేరు ఉన్నదీ లేనిదీ సరిచూసుకోవాలి. మదుపరి లేని రోజున ఆ పన్నెండు ఫోలియోలకూ మరణ ధ్రువీకరణ పత్రం పట్టుకుని తిరగవలసినది భార్యో, భర్తో, పిల్లలో.