యంత్రమునకు అక్షరాభ్యాసము

గోదావరీ తీరమున బాసర క్షేత్రము కలదు. అచ్చటి జ్ఞానసరస్వతీ సన్నిధిని తల్లిదండ్రులు తమ పిల్లలకు అక్షరాభ్యాసము చేయింతురు. పసివాని వ్రేలు పట్టి బియ్యముపై తొలి అక్షరములు దిద్దింతురు. అదే బాసరలో 2008వ సంవత్సరమున, ప్రజలు ట్రిపుల్ ఐటీ యని పిలుచు సాంకేతిక విశ్వవిద్యాలయము వెలసినది. పదవ తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థులు పలువురు అందు చేరి, ఆరేండ్లు చదివి ఇంజనీరులగుచున్నారు. వారు నేర్చు విద్యలలో కంప్యూటరు శాస్త్రము ముఖ్యమైనది. ఆ శాస్త్రమునకు పునాదియైన విషయము ఎనిమిదవ తరగతి విద్యార్థికి సైతము సులభముగా బోధపడును.

కంప్యూటరు పాఠమనగా మీటలు నొక్కుటయే యని పలువురు తలంతురు. ఆ నేర్పు కొలది దినములలో అలవడును. మీట నొక్కిన పిదప యంత్రములో ఏమి జరుగునో తెలిసికొనుట అంతకంటె పెద్ద విద్య.

యంత్రమునకు స్వతస్సిద్ధముగా అక్షరములు తెలియవు. అది గుర్తింపగలిగినవి రెండే స్థితులు. వానిని 1, 0 అను అంకెలతో సూచింతురు. రెండే అంకెలతో సంఖ్యలన్నిటిని ఎట్లు వ్రాయవచ్చును? కంప్యూటరు లేని పాఠశాలలో కూడ ఉపాధ్యాయుడు దీనిని చూపగలడు. ఐదుగురు విద్యార్థులను వరుసగా నిలిపి, చూచువారికి ఎడమనుండి కుడికి 16, 8, 4, 2, 1 అని కనబడునట్లు అట్టముక్కల నీయవలెను. అట్ట ఎత్తిన 1, దించిన 0. పదమూడు కావలెనన్నచో 8, 4, 1 గలవారు అట్టలెత్తుదురు. అది 01101 అగును. ఐదుగురును ఎత్తినచో 31 వచ్చును. ఆరవ విద్యార్థి 32 అను అట్టతో వచ్చి చేరినచో లెక్క 63 వరకు సాగును.

ఇక అక్షరముల మాట. ప్రతి అక్షరమునకు ఒక సంఖ్యను కేటాయించుటయే ఇందలి ఉపాయము. లోకములోని లిపులకు ఇట్లు సంఖ్యలు నిర్ణయించు ఏర్పాటునకు యూనికోడ్ అని పేరు. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పునందే తెలుగు చేరినది. అందు 'అ' సంఖ్య 3077, 'క' సంఖ్య 3093, గుడి సంఖ్య 3135. 'కి' అని వ్రాసినపుడు యంత్రము 3093, 3135 అను రెండు సంఖ్యలను దాచుకొని, తెరపై ఒక్క అక్షరముగా చూపును. కరీంనగరము నుండి బిడ్డ పంపిన తెలుగు సందేశమును దుబాయిలోని తండ్రి తన ఫోనులో చదువగలుగుటకు ఈ ఒడంబడికయే కారణము.

అట్టి సంఖ్యలు లేని లిపి గతి యేమి? ఆదిలాబాదు జిల్లా నార్నూరు మండలములో గుంజాల యను గోండు గ్రామము కలదు. ఆచార్య జయధీర్ తిరుమలరావుగారి నాయకత్వమున హైదరాబాదు విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ గ్రామమున పది పన్నెండు ప్రాచీన వ్రాతప్రతులను సేకరించిరి. వానిలో గోండీ భాష ఒక ప్రత్యేక లిపిలో వ్రాయబడి యుండెను. దానిని చదువగలవారు గ్రామమున కొందరు వృద్ధులు మాత్రమే. 2014 నాటికి ఆ లిపికి ఒక ఫాంటు, అనగా కంప్యూటరులో చూపుటకు తగిన అక్షర రూపములు, సిద్ధమయ్యెను. కాని అందరు అంగీకరించిన సంఖ్యలు లేనిచో, ఒక యంత్రములో వ్రాసినది వేరొక యంత్రమున అర్థములేని గుర్తులుగా మారిపోవచ్చును. 2018లో యూనికోడ్ ఈ లిపిలోని 63 గుర్తులకు సంఖ్యల నిచ్చెను. గుంజాల గోండీ 'అ' సంఖ్య 73056. కొందరు వృద్ధుల జ్ఞాపకమున మాత్రమే నిలిచిన లిపికి నాడు ప్రపంచ యంత్రములన్నిటిలో చోటు దొరకెను. చోటు దొరకినంతనే పుస్తకములు పుట్టవు. ఆ లిపిలో పాఠములు, కథలు, నిఘంటువులు వ్రాయుటకు గోండీయు, కంప్యూటరును తెలిసిన యువకులు కావలెను. వారు నేటి పాఠశాలలనుండియే రావలెను.

దీనివలన మరియొక సంగతి తేటపడుచున్నది. మనుష్యులు ఇచ్చినదానినే యంత్రము నిలువచేసికొనును. ఇచ్చినవారు పొరబడినచో అదియు పొరబడును. ఇచ్చినది పాతబడినచో పాత మాటయే చెప్పును. బాసర ఏ జిల్లాలో కలదని అడిగినచో ఒక పుట ఆదిలాబాదు జిల్లా యనును. మరియొక పుట నిర్మల్ జిల్లా యనును. 2016 అక్టోబరు 11వ తేదీన పూర్వపు ఆదిలాబాదు జిల్లా ఆదిలాబాదు, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాదు అను నాలుగు జిల్లాలయ్యెను. బాసర నిర్మల్ జిల్లాలో చేరినది. మొదటి పుట ఆ తేదీకి ముందు వ్రాసినదైనచో, వ్రాసిననాడు అది సత్యమే.

కావున తెరపై ఏది కనబడినను విద్యార్థి మూడు ప్రశ్నలు వేసికొనవలెను: దీనిని ఎవరు వ్రాసిరి? ఎప్పుడు వ్రాసిరి? వేరొక నమ్మదగిన చోట ఇదే మాట కలదా? యంత్రమునకు అక్షరములు నేర్పినవారు మనుష్యులు. అది చూపు అక్షరములలోని నిజానిజములను తేల్చుకొను భారమును వారిదే.