ఒక బలహీనబంధము కథ

కలకండ పలుకును చేతబట్టి చూచినవారికి దాని అంచుల తీరు, ముఖముల నునుపు ఆశ్చర్యము గొలుపును. ఆ పలుకులో లెక్కకందని అణువులు వరుస తప్పక నిలిచియున్నవి. వానిని అట్లు నిలిపియుంచునది యేది? ఒకే అణువులోని పరమాణువులను కట్టియుంచు గట్టి బంధములు వేరు. అణువునకును పొరుగు అణువునకును నడుమనుండు సున్నితమైన ఆకర్షణలు వేరు. ఈ రెండవ తెగలో ముఖ్యమైనది ఉదజని బంధము. ఉదజని, అనగా హైడ్రోజన్, తన అణువులో ఆమ్లజనితోగాని నత్రజనితోగాని కూడియున్నప్పుడు పొరుగు అణువునందలి ఆమ్లజనివైపు ఆకర్షింపబడును. మంచుగడ్డ నీటిపై తేలుటకును ఇదియే మూలము.

మరి ఉదజని కర్బనముతో కూడియున్నచో? అది ఇట్టి బంధమునకు తగదనియే స్ఫటికశాస్త్రజ్ఞులలో పెక్కుమంది తలచిరి. న్యూజీలాండులో 1929లో జన్మించిన జూన్ సూటర్ అను శాస్త్రజ్ఞురాలు మాత్రము అట్లు తలచలేదు. కాఫీలోనుండు కెఫీను స్ఫటికనిర్మాణమును ఆమె 1958లో ప్రకటించియుండెను. అటుపిమ్మట లండనులోని బిర్క్‌బెక్ కళాశాలలో పనిచేయుచు, అట్టి స్ఫటికములు పెక్కింటిని పోల్చి చూచెను. ఉదజని, ఆమ్లజని ఊరక ఒకదానినొకటి తాకియుండు దూరము సుమారు 2.6 ఆంగ్‌స్ట్రాములు. సెంటీమీటరులో పదికోట్లవ వంతు ఒక ఆంగ్‌స్ట్రాము. కర్బనముతో కూడిన ఉదజని కొన్ని స్ఫటికములలో అంతకంటె దగ్గరకు జరిగియుండెను. ఆకర్షణ లేక ఈ సామీప్యము కలుగదని ఆమె 1962లో ‘నేచర్’ పత్రికలో వ్రాసెను.

1968లో అమెరికను శాస్త్రజ్ఞుడు జెర్రీ డొనహ్యూ ఈ వాదమును తిరస్కరించెను. ఆయన సామాన్యుడు కాడు, 1953లో డి.ఎన్.ఏ. నిర్మాణము తేలుటకు వాట్సన్, క్రిక్‌లకు కీలకమైన సలహా ఇచ్చినవాడు. సూటర్ గైకొన్న 2.6 అను హద్దే సరికాదని ఆయన ఆక్షేపణ. పెద్దల మాటకు విలువ హెచ్చు. కర్బనపు ఉదజని ప్రసక్తి చాలకాలము మరుగున పడెను. సూటర్ మూత్రపిండములలోని రాళ్ళను గూర్చిన పరిశోధనకు మరలెను.

చిక్కు కొంత పరికరములోను కలదు. ఎక్స్-కిరణములు ఎలక్ట్రానులను బట్టి పరమాణువుల తావును తెలుపును. ఉదజనికున్నది ఒక్కటే ఎలక్ట్రాను. కావున దాని తావు స్పష్టముగా తెలియదు. న్యూట్రానులు పరమాణుకేంద్రకమునే పట్టి చూపును. 1982లో కేంబ్రిడ్జిలో రాబిన్ టేలర్, ఓల్గా కెనార్డ్ అనువారు న్యూట్రానులతో నిర్ణయింపబడిన 113 నిర్మాణములను పరిశీలించి, కర్బనపు ఉదజని ఆమ్లజనిని నిజముగనే ఆశ్రయించుచున్నదని నిరూపించిరి. సూటర్ చూచినది సత్యమే!

ఈ కథలో మన హైదరాబాదునకును పాలు కలదు. హైదరాబాదు విశ్వవిద్యాలయమున గౌతమ్ దేశిరాజు ఈ బలహీనబంధములనే ఆధారము చేసికొని, కోరిన అమరిక గల స్ఫటికములను కూర్చు విద్యను పెంపొందించెను. 1989లో దానిపై గ్రంథము వెలువరించెను. 2011లో అంతర్జాతీయ రసాయనశాస్త్ర సమాఖ్య ప్రకటించిన ఉదజని బంధపు నూతన నిర్వచనములో కర్బనమునకును చోటు దొరకినది. దానిని రూపొందించినవారిలో దేశిరాజు ఒకరు.

నీటి అణువుల నడుమ బంధబలము మోలునకు సుమారు 20 కిలోజౌళ్ళు. కర్బనపు ఉదజనికి సాధారణముగా అందులో సగమైనను ఉండదు. అయినను అట్టివి అనేకములు కూడినచో స్ఫటికము తీరే మారును. సూటర్ 1990లో మరణించెను. ఆమెను ఓడించినది కొలత కాదు, ఒక పెద్దమనిషి మాట. ఆమెను గెలిపించినది మరల కొలత. తరగతిలో పాఠ్యపుస్తకమునకు విరుద్ధమైన ఫలితము తెచ్చిన విద్యార్థిని తప్పన్న మాటతో కూర్చుండబెట్టకముందు, ఇంకొకసారి కొలిచి చూడుమనుట మేలు.